ఉసేనమ్మ పాటకు జాగ

తెర మీద తొంభై ఎనిమిది అని ఉంది. పొద్దున్నుంచి దశరథ్ దాన్ని చూడటం అది పదకొండోసారి. ఎన్నిసార్లు చూసినా తొంభై ఎనిమిదే.

నూటికి తొంభై ఎనిమిది వంతులు నిండిపోయిందని, ఇక కొత్తది ఏదీ పట్టదని దానర్థం. నిండింది మఠం వెనకగదిలో, ఏసీ కింద నిలబెట్టిన నల్ల బీరువా లాంటి పెట్టె. దాని కడుపు నిండా డిస్కులే. మఠంలో పాడిన ప్రతి పాటా, తీసిన ప్రతి వీడియో, మందుల గదికి వచ్చే ప్రతి రోగి వివరమూ చివరికి చేరేది ఆ పెట్టెలోకే.

నడిగడ్డలో, తుంగభద్రకు కోసెడు దూరంలో ఉన్న ఆ మఠం పెద్దదేమీ కాదు. గురువు తిమ్మప్ప అయ్య నలభై ఏళ్ళు గుంటమగ్గం మీద చీరలు నేసిన మనిషి. పల్లెల్లో ముసలివాళ్ళు పాడే తత్వాలు వాళ్ళతోనే మట్టిలో కలిసిపోతున్నాయని ఆయన బెంగ. కలిసిపోకముందే పట్టి దాచాలన్నాడు. దాచే పని దశరథ్ నెత్తికెత్తుకున్నాడు.

దశరథ్ హైదరాబాదులో తొమ్మిదేళ్ళు కంప్యూటర్ల కొలువు చేసి, విసిగి, అయ్య దగ్గరికి వచ్చి మూడేళ్ళయింది. ఏదో కంపెనీ పాతబడిందని తీసేసిన పెట్టెను అడిగి తెచ్చుకుని, పుస్తకాలు ముందేసుకుని, ఒంటిచేత్తో బిగించి నిలబెట్టాడు. ఆ సంగతి ఎవరు మరిచిపోయినా అతను మాత్రం మరిచిపోలేదు. "ఎంత అడిగితే అంత చోటు ఇస్తది" అని వచ్చినవాళ్ళందరికీ దాన్ని చూపించేవాడు.

ఇప్పుడా పెట్టె అతని పరువు తీస్తోంది.

అలంపురం దిక్కు నుంచి ఉసేనమ్మ అవ్వ గురువారం నాడు మఠానికి వచ్చింది. ఎనభై రెండేళ్ళ మనిషి. గొంతులో గడ్డ. సోమవారం కర్నూలు ఆస్పత్రిలో కోత. గొంతు మిగలొచ్చు, మిగలకపోవచ్చు అని డాక్టరు ముందే చెప్పాడు. ఆమె గురువు కట్టిన తత్వాలు అరవై దాకా ఆమె నోట్లో ఉన్నాయి. మరెవరి నోట్లోనూ లేవు. "పోతే గొంతు పోనీ. పాటలు మీకిచ్చి పోతా" అని కొడుకు బండి మీద కూర్చుని ఎండలో వచ్చింది.

గురువారం సాయంత్రం మొదలుపెట్టారు. మొదటి పాట అయింది. రెండో పాటలో,

"ఇల్లు కట్టితినంటివి, లోన బయలెవ్వరిదన్నా
గోడ నీదే గావచ్చు..."

అనే చోట మిషన్ ఆగిపోయింది. జాగ లేదంది. దశరథ్ పెట్టె తన కోసం రాసుకునే పాత లెక్కలేవో చెరిపి, చిటికెడు చోటు చేసి, మళ్ళీ పాడమన్నాడు. అవ్వ దగ్గి, నీళ్ళు మింగి, మొదటి నుంచి అందుకుంది. అదే పాటలో ఇంకో నాలుగు చరణాలు దాటాక మళ్ళీ ఆగింది.

"మీ మిషిన్‌కు కడుపు నిండినట్టుంది బిడ్డా. అరిగినంక పాడుతలే" అంది అవ్వ. ఆమె నవ్వుతూనే అంది. దశరథ్‌కు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

కెమెరాల కార్డుల్లో పట్టుకుందామంటే అవి కూడా నిండే ఉన్నాయి. వాటిలోవి పెట్టెలోకి దించితే గాని ఖాళీ కావు. మఠంలో వీడియోలు కూర్చే స్వరూప తన ఫోన్‌లో పట్టి చూసింది. ఫ్యాన్ చప్పుడూ బయటి కోళ్ళ కూతలూ బాగా వచ్చాయి. అవ్వ గొంతు మాత్రం ఎక్కడో బావిలోంచి వినపడింది.

*

దశరథ్‌కు కోపం తెప్పించింది పెట్టె నిండటం కాదు. నిండటానికి కారణం లేకపోవటం.

పెట్టె ఒకటే గాని దాని మీద బతికే మిషన్లు ఆరు. ఆరూ కంటికి కనపడని మిషన్లు. రెండు సర్వర్ల లోపల కాపురముంటూ, ఒక్కొక్కటీ తానే ఒక అసలైన కంప్యూటర్ అనుకుంటూ ఉంటుంది. వర్చువల్ మిషన్లంటారు వాటిని. పాటలకొకటి, వీడియోలకొకటి, మందుల గదికొకటి, ఇట్లా. ఒక్కొక్కదానికీ నాలుగేసి టెరాబైట్ల చోటు ఉందని దశరథ్ మాటిచ్చి ఉన్నాడు. నిజానికి కింద పెట్టెలో అంత లేదు. ఉండనక్కర్లేదు కూడా. అందరూ ఒకేసారి అంతా వాడరు. ఎవరికి కావలసినప్పుడు వాళ్ళకు, కావలసినంత పెట్టె తీసి ఇస్తుంది.

పెట్టె నిండొస్తోందని వారం కిందటే అందరినీ పిలిచి, అక్కర్లేనివి తీసెయ్యమన్నాడు. తీసేశారు. ఎవరి మిషన్‌లో చూసినా సగం ఖాళీ అని చూపిస్తోంది. కింద పెట్టెను అడిగితే తొంభై ఎనిమిది అంటోంది.

"నువ్వు తీసెయ్యలే" అన్నాడు స్వరూపతో, శుక్రవారం పొద్దున.

"మూడు రోజులు కూసొని తీసేసిన అన్నా. నా దాంట్ల చూడు, సగం ఖాళీ ఉంది."

"మరి కింద ఎందుకు తగ్గలే?"

"కింది సంగతి నాకేమెరుక? నువ్వే కదా పెట్టినోనివి."

"ఎక్కడో దాసిపెట్టుకొని ఉంటవ్. నాకు తెల్వదా?"

స్వరూప లేచి నిలబడింది. "దాసుకుంటే మద్దిలేటి తాతవి దాసుకుంటుంటి. ఆయన పాడకముందు గొంతు సవరించుకునేటివి, మాతోని ముచ్చట పెట్టేటివి, అన్నీ ఉండె. పాటలు కావు కదా, దండుగ అని నువ్వే అన్నవ్. నీ మాట మీద అన్నీ తీసేసిన. ఇప్పుడు దొంగనంటవా?" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

దశరథ్ హైదరాబాదుకు ఫోన్ చేశాడు. కొత్త డిస్కులు కావాలంటే మూడు వారాలు అన్నారు. తన దగ్గర ఉన్నవి మూడు రోజులు. పెట్టెను కాలితో తన్నాలనిపించింది. తన్నితే పోయేది తన కాలే అని ఆగాడు.

ఇక మిగిలింది ఒకటే దారి. దానికి అయ్య ఒప్పుకోవాలి.

*

తిమ్మప్ప అయ్య వసారాలో గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని చింతపండు గింజలు తీస్తున్నాడు. మగ్గం గుంటలో ఏళ్ళ తరబడి కాళ్ళు వేలాడేసి కూర్చున్న మోకాళ్ళు, ఇప్పుడు మడవమంటే మడవవు.

"అయ్యా, మద్దిలేటి తాత పాటలు తీసేద్దమనుకుంటున్న" అన్నాడు దశరథ్.

మద్దిలేటి తాత పోయి ఏడాదిన్నర.

"ఎందుకు?"

"మొత్తం తీసెయ్యనయ్యా. అసలు రికార్డు పెద్దగున్నది. దాన్ని తీసేసి, చిన్నగ చేసిన నకలు ఉంచుత. వినేటోళ్ళకు పెద్ద తేడా తెల్వదు."

"నీకు తెలుస్తదా?"

దశరథ్‌కు తెలుస్తుంది. చిన్న నకల్లో తాత ఊపిరి వినపడదు.

"వేరే తోవ లేదయ్యా! పైనోళ్ళంత ఖాళీ చేసినమంటరు. కింద పెట్టె నిండిన అంటది. ఎవరో ఒకరు అబద్ధం చెప్తుండ్రు. నేను పొద్దుగాల సంది ఒక్కొక్కరిని బతిమాలుకుంటున్న, కసురుకుంటున్న. ఒక్కరన్న చెప్పింది చేస్తే గదా! అవతల అవ్వ సోమవారం పోతది. మీరేమో చింతగింజలు ఏరుకుంటుండ్రు."

ఆ చివరి మాట అనేశాక దశరథ్ నాలుక కరుచుకున్నాడు. అయ్య మాత్రం ఒక గింజ గట్టిగా పట్టుకుని రానంటే, గోటితో గీరుతూ ఉన్నాడు. అది వచ్చాక తలెత్తాడు.

"కింది పెట్టె నీతోని మాట్లాడుతదా?"

"మాట్లాడుడేంది అయ్యా. అడిగితే చెప్తది. తొంభై ఎనిమిది, తొంభై ఎనిమిది, అదే పాట."

"పైనోళ్ళు?"

"వాళ్ళూ చెప్తరు. ఖాళీ, ఖాళీ."

"ఒకరితోని ఒకరు మాట్లాడుకుంటరా?"

దశరథ్‌కు ఇక ఓపిక లేదు. మిషన్లు మాట్లాడుకుంటాయా అని అడిగే మనిషికి ఏమని చెప్పాలి? చెప్పటం మొదలుపెడితే ఈ పూట చాలదు.

"అయ్యా, తీసెయ్యమంటరా వద్దంటరా, ఒక్క మాట చెప్పుండ్రి."

"ఇయ్యాల పగటి వడ్డన ఎవరిది?"

"ఏమో. ఎవరిదో."

"నీది" అన్నాడు అయ్య.

"నాకు టైం లేదయ్యా!"

"ఆకలైనోళ్ళకు కూడ లేదు" అని అయ్య ఇంకో చింతబొట్ట చేతిలోకి తీసుకున్నాడు.

*

ఉసేనమ్మ అవ్వ వచ్చిందని తెలిసి చుట్టుపట్ల ఊళ్ళ నుంచి జనం కదిలి వచ్చారు. ఆమె పాట చిన్నప్పుడెప్పుడో విన్నవాళ్ళు, వినాలనుకున్నవాళ్ళు. భోజనాల సాలలో బంతికి నలభై మంది కంటే ఎక్కువ పట్టరు. వచ్చింది వందకు పైన. మొదటి బంతి కూర్చుంది. మిగిలినవాళ్ళు బయట రేకుల నీడ కోసం ఒకరినొకరు నెట్టుకుంటూ నిలబడ్డారు. చంకలో పిల్లలున్న ఆడవాళ్ళున్నారు. అవ్వ కొడుకు కూడా అక్కడే ఉన్నాడు.

దశరథ్ పంచె ఎగ్గట్టి బకెట్ పట్టుకున్నాడు. పుంటికూర పప్పు వడ్డించాడు. అన్నం వడ్డించాడు. వంగిన నడుము లేవటం లేదు. మనసంతా వెనకగదిలో ఉంది. ఒక పెద్దాయన చారు కొంచెం తక్కువ పొయ్యమంటే ఎక్కువ పోశాడు, ఇంకొకాయన మళ్ళీ పొయ్యమంటే వినపడనట్టు దాటిపోయాడు.

అయ్య బంతి మొదట్లో కూర్చుని తిన్నాడు. మెతుకు మిగల్చకుండా తుడిచి తిన్నాడు. మజ్జిగ తాగాడు. ఎడమ చెయ్యి నేల మీద ఆనించి, మోకాలు పట్టుకుని, మెల్లగా లేచి చెయ్యి కడుక్కోవటానికి బయటికి నడిచాడు.

అయ్య లేస్తే బంతి లేస్తుంది. అది అక్కడి రివాజు. తినటం అయినవాళ్ళు ఆకు తమ వైపుకు మడిచి లేవటమూ రివాజే. ముందు వరసలో ఒకరిద్దరు ఆకు అంచు పట్టుకున్నారు. వాళ్ళు అయ్య ఆకు వైపు చూశారు. అది తెరిచి పెట్టినట్టే ఉంది. అయ్యే మడవలేదంటే ఏదో ఉండే ఉంటుందని, వాళ్ళూ అంచు వదిలేసి లేచారు. వాళ్ళను చూసి పక్కవాళ్ళు. అట్లా చివరి దాకా.

సాల ఖాళీ అయింది. నలభై విస్తర్లు మాత్రం నోళ్ళు తెరుచుకుని కిందనే ఉన్నాయి.

బయటివాళ్ళు గడపలోకి వచ్చి ఆగిపోయారు. కూర్చుందామంటే ఎక్కడ? ప్రతి చోటా ఒక విస్తరి పరిచి ఉంది.

ఎంగిళ్ళు ఎత్తే సాయమ్మ, గంప పక్కన పెట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె కదలలేదు.

దశరథ్ ఒక నిమిషం చూశాడు. రెండు నిమిషాలు చూశాడు. గడపలో ఒక చంటిపిల్ల ఏడుపందుకుంది.

"సాయమ్మా, తియ్యవేంది?"

"ఏం తియ్యాలె?"

"ఇస్తార్లు! బయట ఎండల జనం మాడుతుండ్రు, కనవడ్తలేదా?"

"మడవలే కదా."

"మడవకుంటే ఏమాయె? తినుడైంది, పోయిండ్రు. కండ్ల ముంగట ఖాళీగ ఉంటే మడిచేదేంది, మడవందేంది?"

"ఖాళీగ ఉందని నాకూ కనవడ్తుంది" అంది సాయమ్మ. ఆమె గొంతు పెంచలేదు. "అయ్య మళ్ళొచ్చి కూసుంటడేమో. ఇంకింత మజ్జిగ పొయ్యమంటడేమో. మడవని ఇస్తారు తీసుడంటే నోటికాడి కూడు గుంజుడే. నేను ముట్ట."

"వాళ్ళు లేసిండ్రు సాయమ్మా!" దశరథ్ గొంతు సాలంతా మోగింది. "నలభై మంది లేసిండ్రు! నలభై జాగలు ఖాళీ అయినయి! నువ్వేమో నిండినయని నిలబడ్డవ్!"

"లేసిండ్రు. నాకెవరన్న చెప్పిండ్రా?"



దశరథ్ చేతిలో బకెట్ ఒరిగి, చారు చుక్కలు చుక్కలుగా అతని పాదం మీద పడుతోంది. అతను చూసుకోలేదు. బంతి ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. ఖాళీ విస్తర్లు. ఎవరూ లేరు. ఎవరికీ చోటు లేదు.

అయ్య తడిచెయ్యి కండువాకు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. తన విస్తరి దగ్గర ఆగి, గోడ పట్టుకుని, మొండికేసిన మోకాలిని బలవంతంగా వంచి, కిందికి వంగి, ఆకును తన వైపుకు మడిచాడు. మళ్ళీ గోడ పట్టుకునే లేచాడు. ఎవరి వైపూ చూడలేదు.

వెనకే మిగిలినవాళ్ళు పరుగున వచ్చారు. ఎవరి ఆకు వాళ్ళు మడిచారు. సాయమ్మ గంప ఎత్తుకుంది. ఊపిరి తీసి వదిలేలోగా బంతి బంతంతా ఖాళీ అయింది. గడపలో ఉన్నవాళ్ళు వచ్చి కూర్చున్నారు.

దశరథ్ బకెట్ దించి వెనకగది వైపు రెండు అడుగులు వేశాడు.

"వడ్డన అయిందా?" అన్నాడు అయ్య.

దశరథ్ వెనక్కి వచ్చాడు. రెండో బంతికి వడ్డించాడు. మూడో బంతికి వడ్డించాడు. ఒక్కొక్కరూ నమిలి నమిలి తింటున్నట్టు అనిపించింది. పళ్ళు బిగబట్టి, చారు అడిగినవాళ్ళకు అడిగినంత పోశాడు.

*

వడ్డన అయ్యాక వెనకగదిలో కూర్చుంటే, మూడేళ్ళ కిందట పెట్టె బిగించిన రోజు దశరథ్‌కు గుర్తొచ్చింది. ఆరు మిషన్లకూ ఒక్కొక్క ఏర్పాటు చేసుకుంటూ పోతుంటే, ఒక చోట ఒక ప్రశ్న వచ్చింది. తీసేసిన చోటు సంగతి కిందికి తెలియజెయ్యాలా, వద్దా అని. తెలియజేస్తే పని కొంచెం నెమ్మదిస్తుందని ఎవరో ఎక్కడో రాసింది అతను చదివి ఉన్నాడు. వద్దు అన్నాడు. ఆరింటికీ వద్దు అన్నాడు. ఆ తరవాత ఆ మాటే మరిచిపోయాడు.

పైనున్న మిషన్ ఒక ఫైలు తీసేసిందంటే, తన పట్టీలో ఆ పేరు కొట్టేసుకుంటుంది, అంతే. తన మటుకు తనకు అది ఖాళీ. కింద పెట్టెకు ఆ కబురు అందదు. ఇచ్చిన చోటు ఇంకా వాడుకుంటున్నారనే అనుకుంటుంది. ఎవరూ ముట్టకుండా కాపలా కాస్తుంది. మూడేళ్ళుగా ఆ పెట్టె, జనం ఎప్పుడో లేచి వెళ్ళిపోయిన చోట్లన్నీ కాపలా కాస్తూ, నిండాను నిండాను అంటోంది.

ఎవరూ అబద్ధం చెప్పలేదు. దశరథ్ కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. ఎవరి మీదైనా అరవాలనిపించింది. గదిలో తను తప్ప ఎవరూ లేరు.

మూడు గంటలకు స్వరూప ఇంటికి వెళ్ళాడు. ఆమె వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. అతన్ని చూసి కూడా చూడనట్టే ఉంది.

"నువ్వు తీసేసినవ్. నిజమే. తప్పు నాది" అన్నాడు.

"సరే" అని ఆమె ఇంకో చీర దులిపింది. నీళ్ళు అతని మొహం మీద పడ్డాయి. తుడుచుకోలేదు.

"ఒకటి అడగాలె. నువ్వు తీసేసినవి కింద ఇంకా అట్లనే ఉన్నయి. ఇప్పుడు నేను ఒక మాట చెప్తే నిజంగనే పోతయి. చెప్పకముందే అయితే ఒకటో రెండో మళ్ళ పైకి తియ్యొచ్చు. ఏది కావాలె?"

స్వరూప చేతిలో చీర దండెం మీద వేసింది.

"మద్దిలేటి తాతది ఒకటుంది. పాట నడుమ మరిచిపోయి, 'ఓర్నీ, దీని తోక యాడ పోయెరా' అని నవ్వుతడు. అది."

ఇద్దరూ వెనకగదికి వచ్చి గంటన్నర వెతికితే దొరికింది. చివర్లో కొంచెం చెదిరింది గాని, నవ్వు మాత్రం చెదరలేదు. స్వరూప అది రెండుసార్లు వింది. మూడోసారి వినలేదు. "ఇగ చెప్పుకో" అంది.

దశరథ్ మొదటి మిషన్‌కు ఆజ్ఞ ఇచ్చాడు. నువ్వు ఖాళీ చేసిన చోటు సంగతి కిందికి చెప్పు అని. తెర మీద తొంభై ఎనిమిది అట్లాగే ఉంది. నిమిషమైంది. రెండు నిమిషాలైంది.

తొంభై ఏడు.

స్వరూప అతని భుజం మీద ఒక్కటి చరిచింది.

తొంభై అయిదు. తొంభై ఒకటి. రెండో మిషన్‌కు చెప్పాడు, మూడోదానికి చెప్పాడు. మందుల గది మిషన్ మరీ పాతది, దానికి ఆ భాషే రాదు. దాన్ని వదిలేశాడు. పొద్దు గూకేసరికి తెర మీద అరవై మూడు ఉంది. కొత్త డిస్కు ఒక్కటీ రాలేదు. మద్దిలేటి తాత ఊపిరి ఎక్కడున్నది అక్కడే ఉంది.

*

శనివారం పొద్దున్నే ఉసేనమ్మ అవ్వ మొదలుపెట్టింది. రెండు పాటలకొకసారి గోరువెచ్చటి నీళ్ళు తాగేది. ఎండ ఎక్కాక నిద్రపోయి, చల్లబడ్డాక మళ్ళీ పాడేది. ఆదివారం మధ్యాహ్నానికి అరవై రెండు పాటలైనాయి. చివరి పాటకు గొంతు చీలి, సగం పాట గుసగుసలాగే వచ్చింది. అయినా తోక దాకా పాడి, దండం పెట్టి, మైకుకు కూడా దండం పెట్టి లేచింది. ఒక్కసారి కూడా మిషన్ ఆగలేదు.

దశరథ్ రెండు రోజులూ తెర ముందు నుంచి కదలలేదు. అంకె అరవై నాలుగు, అరవై అయిదు అని పాకుతుంటే, చంటిపిల్ల జ్వరం చూసుకునే తల్లిలాగా చూసుకుంటూ కూర్చున్నాడు.

సాయంత్రం అయ్య దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. రెండు రోజుల నిద్రలేమి కళ్ళలో ఉన్నా, మొహం వెలుగుతోంది.

"అయ్యా, అయింది. అరవై రెండు పాటలు, ఒక్కటి పోకుండ దాసిన. ఇంకో ఏడాది వరకు జాగకు కరువు లేదు. నూటికి ముప్పై అయిదు వంతులు..."

"అవ్వ ఏం పాడింది?"

"అరవై రెండు పాడిందయ్యా. అన్నీ కలిపి పదకొండు గంటల..."

"ఎన్ని అనలే. ఏం పాడింది అన్న."

దశరథ్ మనసులో పాటల కోసం వెతుక్కున్నాడు. గురువారం నాడు సగంలో తెగిన పాట తప్ప ఒక్క చరణం తగల్లేదు. శనివారం పొద్దున ఆమె గొంతు ఎంత ఎత్తుకు లేచిందో, మీటర్ మీద ముల్లు ఎక్కడికి వచ్చిందో చెప్పగలడు. ఏ మాట మీద లేచిందో చెప్పలేడు.

"దాసిన అయ్యా, ఎప్పుడంటే అప్పుడు ఇనొచ్చు" అన్నాడు, మెల్లగా.

"ఇనొచ్చు" అన్నాడు అయ్య. కండువా భుజం మీద వేసుకుని, మోకాళ్ళు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

దశరథ్‌కు ఒళ్ళు మండింది. మూడు రోజులు తిండీ నిద్రా లేకుండా చేసిన పనికి ఒక్క మంచి మాట లేదు. వెనకగది దాకా విసవిసా నడిచాడు. తలుపు మీద చెయ్యి వేశాడు. లోపల ఏసీ హోరు వినపడుతోంది. తలుపు తియ్యకుండానే వెనక్కి తిరిగాడు.

అవ్వ ఆరుబయట నులక మంచం మీద కూర్చుని ఉంది. పొద్దున ప్రయాణానికి మూట కట్టి పక్కన పెట్టుకుంది. మెడ చుట్టూ పాత తువ్వాల. అతన్ని చూసి, గొంతు పెగలక, చేత్తోనే సైగ చేసింది. మిషిన్ ఏదని.

"తేలేదవ్వా."

మరెందుకొచ్చినవ్ అన్నట్టు చూసింది.

"ఊకనే. నేనే వచ్చిన."

ఉసేనమ్మ అవ్వ మూటను తీసి కింద పెట్టి, మంచం మీద కొంచెం జరిగింది.